ప్రార్థన, మాత్ర, గొలుసు: దళిత క్రైస్తవ పల్లెల్లో మానసిక వైద్యం

మతి చెదిరిన మనిషిని ప్రార్థనకు తీసుకుపోవాలా, ఆసుపత్రికి తీసుకుపోవాలా? మాల మాదిగ పల్లెల్లో ఈ ప్రశ్న ఇప్పటికీ ఇదే రూపంలో నలుగుతోంది. హేతువాద మిత్రులు ప్రార్థనను మూఢనమ్మకమని కొట్టేస్తారు. కొందరు పాస్టర్లు మాత్ర మింగడమే అవిశ్వాసమంటారు. ఈ రెండు వాదనల నడుమ జబ్బుపడ్డ మనిషిని అడిగేవాళ్లుండరు. ఆ మనిషిని ఏళ్ల తరబడి మోస్తున్న తల్లినో భార్యనో అసలే అడగరు.

విశ్వాసమూ వైద్యమూ కలిసి పనిచేయగలవని, పనిచేసిన అనుభవాలు కూడా ఉన్నాయని మేం అంటున్నాం. అయితే ప్రార్థన పక్కన ఒక మాత్ర పెట్టినంతలో అది కలయిక అయిపోదు. మనిషిని కట్టెయ్యకుండా, కొట్టకుండా, అవమానించకుండా చూసుకోవడం ఆ రెంటికన్నా ముందు రావాలి. దళిత ఉద్యమం నోరు విప్పాల్సింది ఇక్కడే.

ఒకే కాంపౌండులో

తెలుగు నేల మీద దళితులకు బైబిలూ మందూ దాదాపు ఒకే చేతి మీదుగా అందాయి. 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో మాదిగలు పెద్దఎత్తున బాప్తిస్మం తీసుకున్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గుంటూరుకి 1883లో వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. చర్చి, బడి, ఆసుపత్రి ఒకే కాంపౌండులో ఉండేవి. అంటరానివాడి నాడి పట్టుకోడానికి ఊరి వైద్యుడు వెనకాడిన కాలమది. ఒంటిని తాకి చూసే వైద్యం మనవాళ్లకు మిషన్ ఆసుపత్రిలోనే దొరికింది. చీమూ నెత్తురూ ముట్టుకునే నర్సు పనిని అగ్రకులాలు నీచంగా చూస్తే, మన ఆడపిల్లలు ఆ పనిలోంచే జీతమూ గౌరవమూ తెచ్చుకున్నారు.

ఈ చరిత్రకు ఇంకో ముఖం ఉంది. మిషనరీలు మన మాతమ్మను, పోలేరమ్మను దయ్యాల లెక్కలో వేశారు. దేవతలతో మాట్లాడే మన మాతంగులను, బైండ్ల వాళ్లను సైతాను మనుషులన్నారు. ఆనాడు మన దేవతల మీద పడ్డ ‘దయ్యం’ అనే మాట, ఈనాడు మన జబ్బుల మీద పడుతోంది.

మానసిక వైద్యంలోనూ క్రైస్తవ సంస్థలు తొందరగానే అడుగుపెట్టాయి. స్టాన్లీ జోన్స్ 1950లో లక్నోలో నూర్ మంజిల్ పెట్టారు. మనవాళ్లు రాయవేలూరు అని పిలిచే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచింది. కెనడా మిషనరీ డాక్టరు ఫ్లోరెన్స్ నికల్స్ దాని వెనక ఉన్నారు. రోగిని గేటు లోపల వదిలేసి పోయే పిచ్చాసుపత్రి పద్ధతి అక్కడ లేదు. ఇంటి మనిషి రోగితో పాటే ఉండాలి, జబ్బు గురించి తెలుసుకోవాలి, తిరిగి ఇంటికి తీసుకుపోవాలి. చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఆ దారి పట్టాయి. విశ్వాసం ఉన్న వైద్యులు వైద్యాన్ని తక్కువ చెయ్యకుండానే పని చెయ్యగలరని ఈ సంస్థలు చూపించాయి.

ముందు ప్రార్థనకే ఎందుకు పోతారు?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారు. వాళ్లలో వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉంటారని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. సైకియాట్రిస్టులు లక్ష జనాభాకు ఒక్కరు కూడా లేరు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పట్టణాల్లోనే ఉన్నారు.

కూలికి పోయే మనిషి జిల్లా ఆసుపత్రికి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, తోడు వెళ్లిన మనిషి కూలీ పోతుంది. బస్సు ఛార్జీలు, చీటీ కోసం క్యూ, ఆపైన రెండు నిమిషాల చూపు. ‘ఏంటే, నిద్ర పడుతుందా?’ అని ఏకవచనం. అదే మనిషి సాయంత్రం కూటానికి పోతే పేరు పెట్టి పిలుస్తారు. తల మీద చెయ్యి వేస్తారు. ఇరవైమంది ఆమె కోసం మోకాళ్లూని కన్నీళ్లు పెడతారు. సాక్ష్యం చెప్పే పేరుతో ఆమె పది నిమిషాలు తన బాధ తాను చెప్పుకుంటుంది, జనం వింటారు. జీవితంలో ఇంకెక్కడా ఎవరూ ఆమె మాట అంతసేపు వినలేదు. దీన్ని అజ్ఞానం అని ఒక్క మాటలో తేల్చేవాళ్లకు పల్లె తెలియదు.

ఇది క్రైస్తవులకే పరిమితం కాదు. తమిళనాడులో ముత్తుస్వామి గుడిలో తలదాచుకున్న 31 మంది మానసిక రోగులను నిమ్హాన్స్ పరిశోధకులు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ మందుల్లేవు, కొట్టడమూ లేదు. చిన్న చిన్న పనులు, తోడుగా ఇంటి మనిషి, ఆదరణ. సగటున ఆరు వారాల్లో లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. ఆదరణ కూడా మందులాగే పనిచేస్తుందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

వెల్లూరు పరిశోధకులు ఇంకో విషయం పట్టుకున్నారు. జనం ఒకే జబ్బుకి ఒకేసారి రెండు మూడు కారణాలు నమ్ముతారు. దయ్యం అంటారు, నరాల బలహీనత అంటారు, దిగులు అంటారు. ఒక నమ్మకాన్ని వదిలిస్తేనే ఇంకోటి ఎక్కుతుందన్న పట్టుదల మన చదువుకున్నవాళ్లదే తప్ప వాళ్లది కాదు. ప్రార్థనకు పోయే చేతితోనే మాత్ర కూడా వేసుకోగలరు. ఆపేది వాళ్ల నమ్మకం కాదు, చుట్టూ ఉన్న పెత్తనం.

ప్రార్థనతో ఆగిపోతే ప్రమాదం

ఇంతమాత్రాన అన్ని జబ్బులకూ ఆదరణే చాలని మేం అనడం లేదు. కొన్నిటిలో ఆలస్యం ప్రాణం తీస్తుంది.

తాగుడు సంగతి చూడండి. కూటంలో ఒక మనిషి కదిలిపోయి, ఈ రాత్రి నుంచి ముట్టనని అందరి ముందు ప్రమాణం చేస్తాడు. పదేళ్లుగా రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి పోతుంది. గోడల మీద పురుగులు, ఎదురుగా మనుషులు కనపడతారు, కేకలు వేస్తారు. దయ్యం వదలలేక పెనుగులాడుతోందని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటారు. నిజానికి అది మద్యానికి అలవాటుపడ్డ మెదడు ఒక్కసారిగా అదుపు తప్పడం. ఆసుపత్రిలో మందులతో, బి1 విటమిన్ ఇంజక్షన్లతో అతన్ని బతికించవచ్చు. గదిలో పెట్టి గడియ వేస్తే చావొచ్చు. ఆ మనిషి తీసుకున్న నిర్ణయం మంచిది, దాన్ని నిలబెట్టే సంఘమూ కావాలి. కానీ ఆ మొదటి వారం డాక్టరు చేతిలో ఉండాలి.

కాన్పైన కొద్ది రోజులకే బాలింత నిద్ర మాని, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డను అనుమానంగా చూస్తుంటే ‘గాలి సోకింది’ అంటారు. అది అత్యవసర జబ్బు. తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. వెంటనే వైద్యం చేయిస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

మూర్ఛకి వేసే మాత్ర ఒక్కసారి ఆపేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు. లిథియం వేసుకునే మనిషి ఎండాకాలంలో నీళ్లు కూడా తాగకుండా ఉపవాస ప్రార్థనలో కూర్చుంటే ఆ మందు ఒంట్లో పేరుకుని విషమవుతుంది. లేని గొంతులు వినపడే జబ్బులో మందు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. మత్తు, చొంగ, ఒళ్లు బిగుసుకుపోవడం మాత్రం ముందే వస్తాయి. ఇదంతా రోగికి చెప్పి, మోతాదు సరిచెయ్యాల్సింది డాక్టరే. చెప్పనప్పుడు కుటుంబం మాత్ర ఆపేస్తుంది. ఆపిన కొత్తలో ఒళ్లు తేలికపడుతుంది, అది ప్రార్థన ఫలితమనుకుంటారు. నెలల తర్వాత జబ్బు తిరగబెడితే విశ్వాసం చాల్లేదని రోగినే తప్పుపడతారు. జబ్బు మోస్తున్న మనిషి నెత్తిన పాపం కూడా పెట్టడం ఏ సువార్త?

మాత్ర గొలుసును తెంపదు

విశ్వాస కేంద్రాల్లోకి వైద్యాన్ని తీసుకుపోతే ఏమవుతుందో పరీక్షించి చూశారు. ఘనాలో ఒక క్రైస్తవ ప్రార్థనా శిబిరంలో 139 మందిని రెండు గుంపులు చేశారు. ఇద్దరికీ ప్రార్థన యథావిధిగా సాగింది, ఒక గుంపుకి మందులు కూడా ఇచ్చారు. ఆరు వారాల తర్వాత మందులు తీసుకున్నవాళ్లలో లక్షణాలు బాగా తగ్గాయి. కానీ గొలుసుల్లో గడిపిన రోజుల్లో రెండు గుంపులకూ తేడా లేదు. 2018లో అచ్చయిన ఈ ఫలితాన్ని మనం మళ్లీ మళ్లీ చదవాలి. జబ్బు తగ్గింది, గొలుసు తగ్గలేదు.

2020లో ఘనా, నైజీరియాల నుంచి మరో పరిశోధన వచ్చింది. 307 మంది రోగులు. అక్కడ మందు మాత్రమే కాదు, ప్రార్థన చేసేవాళ్లూ నాటువైద్యులూ ప్రాథమిక ఆరోగ్య కార్యకర్తలతో కలిసి పనిచేసే ఏర్పాటు చేశారు. ఆరు నెలలకి కలిసి చూసుకున్న గుంపులో జబ్బు తీవ్రత స్పష్టంగా తక్కువగా ఉంది. హాని చేసే పద్ధతులు రెండు గుంపుల్లోనూ బాగా తగ్గాయి. బయటి మనిషి క్రమం తప్పకుండా వచ్చి చూస్తుంటే కొట్టే చెయ్యి ఆగుతుందని మేం అర్థం చేసుకుంటున్నాం.

మన పక్కనే ఎర్వాడి ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ఉంచిన ప్రైవేటు షెడ్డు తగలబడి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉన్నందున పారిపోలేకపోయారు. ఆ తర్వాత, 2008లో, గుజరాత్ మెహసానా జిల్లా మీరా దాతార్ దర్గాలో ‘దవా, దువా’ పేరుతో మందునూ ప్రార్థననూ పక్కపక్కన నడిపే పని మొదలైంది. ముజావర్లే రోగిని డాక్టరు దగ్గరకు పంపుతారు. దర్గాలో సాధ్యమైంది చర్చిలో ఎందుకు కాదు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదంటోంది. అసలు బైబిల్లోనే దీనికి ఆధారముంది. మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య తిరిగే మనిషిని ఊరివాళ్లు సంకెళ్లతో కట్టారు. యేసు అతన్ని కట్టలేదు, పేరు అడిగాడు. బాగుపడ్డాక తనవాళ్ల దగ్గరికి ఇంటికి పొమ్మన్నాడు. గొలుసు ఊరివాళ్ల పద్ధతి. ఊరి గొలుసు సంగతి దళితులకు ఒకరు చెప్పాలా?

మతం గడిలో ఏం రాయాలి?

రోగి డాక్టరుతో ప్రార్థన సంగతి ఎందుకు చెప్పడు? వెక్కిరిస్తారన్న భయం ఒకటి. దళిత క్రైస్తవులకు ఇంకో భయం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి బయట పెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు, మన రాష్ట్రాల్లో బీసీ-సిలో పెట్టారు. కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతికే కుటుంబాలు అందుకే ఉన్నాయి. ఏ కాగితం రేపు పిల్లల సర్టిఫికెట్‌కి అడ్డం వస్తుందో తెలియదు కాబట్టి ఆసుపత్రిలో నోరు మూసుకుంటారు. ఉపవాసం సంగతి తెలియని డాక్టరు లిథియం రాసి పంపిస్తాడు. రాజ్యం పెట్టిన భయం ఇట్లా మందు చీటీ దాకా వస్తుంది.

ఇంకో మాట. దిగులంతా మెదడులోనో ఆత్మలోనో పుట్టదు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో చంపబడ్డవాళ్ల ఇంటివాళ్లకు నిద్ర పట్టకపోతే దానికి కారణం దయ్యమూ కాదు, రసాయనాల తేడా ఒక్కటే కూడా కాదు. నిద్రకి మాత్ర అవసరం కావచ్చు, ఓదార్పుకి ప్రార్థన అవసరం కావచ్చు. న్యాయం ఆ రెండింటి పని కాదు. క్షమించమని మాత్రమే చెప్పే చర్చీ, సర్దుకుపొమ్మని మాత్రమే చెప్పే కౌన్సెలింగూ ఒకే పని చేస్తున్నాయి.

చెయ్యాల్సిన పనులు

పాస్టర్లు మన మనుషులు, మన కులాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లను వెక్కిరించి సాధించేదేమీ లేదు. ‘మాత్ర ఆపొద్దు’ అనే ఒక్క మాట బల్ల మీద నుంచి పాస్టరుగారి నోట వస్తే డాక్టరు పదిసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది. చనిపోతానన్న మాట, బాలింతకు మతి తప్పడం, తాగుడు ఆపాక వణుకు, ఆగని ఫిట్స్: ఈ నాలుగూ కనపడితే ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలని ప్రతి సంఘంలోనూ ముందే తీర్మానం చేసుకోవాలి. స్వస్థత పేరుతో డబ్బు గుంజేవాళ్లను, కొట్టేవాళ్లను సంఘపెద్దలే నిలదీయాలి.

డాక్టర్లు రోగిని ‘మీరు’ అనడంతో మొదలుపెట్టాలి. ప్రార్థనకు పోతున్నారా అని వెటకారం లేకుండా అడగాలి. ఉపవాసం ఉంటే మాత్ర ఎప్పుడు, ఎట్లా వేసుకోవాలో చెప్పాలి.

విద్యార్థులూ కార్యకర్తలూ 18వ సెక్షన్ చదవాలి. ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని అది చెబుతుంది. చర్చి చూసుకుంటోంది కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోడానికి మన కలయిక సాకు కాకూడదు. మీ మండలం పీహెచ్‌సీలో మూర్ఛ మాత్రలు, మానసిక జబ్బుల మందులు ఉన్నాయా, ఎన్ని నెలలుగా లేవు అన్నది వెళ్లి అడగండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416ను చర్చి గోడ మీద, కమ్యూనిటీ హాలు గోడ మీద రాయించండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పల్లెలో ఎవరినైనా కట్టేసి ఉంచితే ముందు ఆ కట్లు విప్పించండి. ప్రార్థనా మాత్రా ఆ తర్వాత మాట్లాడుకుందాం.