మొదటి లైను దగ్గరే ఆగిపోతున్నారా?

రెజ్యూమె రెడీ. దాంతోపాటు కవర్ లెటర్ కూడా పంపాలి. ఒక వాక్యం టైప్ చేస్తారు. గ్రామర్ సరిగ్గా ఉందో లేదోనని డౌట్. డిలీట్. మళ్లీ మొదటికి. గంట గడిచినా స్క్రీన్ మీద ఒక్క లైనూ నిలవదు. 'నాకు రాయడం రాదులే' అని తీర్మానించేసుకుని, ఫ్రెండ్ దగ్గర ఫైలు తీసుకుని పేరు మార్చి పంపేసేవాళ్లు ఎంతమందో!

అసలు ఇలా ఎందుకు ఆగిపోతాం? ఈ ప్రశ్న మీదే కెరియర్ కట్టుకున్న ప్రొఫెసర్ ఒకరున్నారు. పేరు మైక్ రోజ్. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో దశాబ్దాల పాటు పనిచేశారు. ఆయన రంగం రైటింగ్ స్టడీస్. కథలు, కవితలు రాయడం నేర్పే కోర్సు కాదిది. మనుషులు ఎలా రాస్తారు, ఎక్కడ తడబడతారు, ఎలా నేర్పితే ముందుకెళ్తారు అన్నది ఇందులో పరిశోధిస్తారు.

ఇంటిపేరు తెచ్చిన తంటా

రోజ్ 1944లో పుట్టారు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి ఆరోగ్యం దెబ్బతింటే అమ్మే వెయిట్రెస్‌గా పనిచేసి ఇల్లు నెట్టుకొచ్చారు. హైస్కూల్లో చేరేముందు పెట్టిన పరీక్షలో, రోజ్ అనే ఇంటిపేరున్న ఇంకో విద్యార్థి మార్కులు ఈయన ఖాతాలో పడ్డాయి. దాంతో, చదువు రానివాళ్లదని పేరుపడిన వొకేషనల్ ట్రాక్‌లో వేశారు. రెండేళ్లు ఎవరూ గమనించలేదు. అక్కడ పాఠాలూ అంతంతమాత్రమే, అంచనాలూ అంతంతమాత్రమే. కుర్రాడు కూడా ఆ స్థాయికే సర్దుకుపోయాడు. చివరికి ఒక బయాలజీ టీచర్ ఇతని చురుకుదనం చూసి రికార్డులు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది.

సెక్షన్ మారింది గానీ రెండేళ్ల లోటు పూడలేదు. ఆఖరి ఏడాదిలో జాక్ మెక్‌ఫార్లాండ్ అనే ఇంగ్లిష్ టీచర్ పుస్తకాలు చదివించి, వ్యాసాల మీద వ్యాసాలు రాయించారు. ఆయన చొరవతోనే లయోలా యూనివర్సిటీలో సీటొచ్చింది. అదీ ప్రొబేషన్ మీద!

తిన్నటి దారి కాదు

డిగ్రీ అయ్యాక సాహిత్యంలో పైచదువు మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. టీచర్ కోర్ అనే ప్రభుత్వ పథకంలో చేరి పేద కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులను కాలేజీ చదువుకు సిద్ధం చేశారు. తర్వాత యూసీఎల్ఏలో ట్యూటరింగ్. రెజ్యూమెలో చూస్తే గజిబిజిగా అనిపించే ప్రయాణమే. కానీ ఎక్కువగా ఆయన ఎదుట కూర్చున్నది 'వీక్' అని ముద్రపడినవాళ్లే. వాళ్ల తప్పులకు మార్కులు కోసేయకుండా, ఆ తప్పు ఏ ఆలోచనలోంచి వచ్చిందో వెతికేవారు. ఆ అలవాటే పరిశోధనగా మారింది. 1981లో ఎడ్యుకేషనల్ సైకాలజీలో పీహెచ్‌డీ వచ్చింది.

తాళం వేసిన రూల్స్

1980లో ఆయన రాసిన ఒక పేపర్ ఇప్పటికీ ఈ రంగంలో చదువుతారు. పదిమంది యూసీఎల్ఏ విద్యార్థులను గమనించారు. ఐదుగురు రాయలేక ఆగిపోయేవాళ్లు, ఐదుగురు తేలిగ్గా రాసేవాళ్లు. ఆగిపోయేవాళ్లకు తెలివి తక్కువ కాదు. వాళ్లు పట్టుకున్న రూల్సే వాళ్లను కట్టిపడేశాయి. ఒకమ్మాయి ప్రతి వాక్యం మొదటిసారే తప్పు లేకుండా రావాలనుకుని మొదటి పేరా దగ్గరే గంటలు గడిపేది. ఇంకొకమ్మాయి రోజుల తరబడి అంతులేని ప్లాన్ వేసేది. తీరా రాయడానికి టైమ్ మిగిలేది కాదు.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆగిపోయేవాళ్లు రూల్‌ను అల్గారిథంలా, అంటే ఏ కేసులోనైనా తప్పకుండా నడపాల్సిన స్టెప్పులా చూశారు. తేలిగ్గా రాసేవాళ్లు దాన్ని హ్యూరిస్టిక్‌లా వాడారు. పనిచేస్తే సరి, లేకపోతే ఇంకోటి.

1989లో తన కథనూ తన విద్యార్థుల కథలనూ కలిపి 'లైవ్స్ ఆన్ ద బౌండరీ' రాశారు. 2004లో 'ద మైండ్ ఎట్ వర్క్'లో వెయిట్రెస్, ప్లంబర్, కార్పెంటర్ లాంటివాళ్ల పనిలో ఎంత ఆలోచన ఉంటుందో చూపించారు. అమ్మ చేసిన పని కూడా అందులో ఉంది. 2021లో రోజ్ కన్నుమూశారు.

మనకు దారులున్నాయా?

అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఫస్టియర్‌లో రైటింగ్ కోర్సు తప్పనిసరి. అందుకే రెటరిక్ అండ్ కాంపోజిషన్‌లో పీహెచ్‌డీలు నడుస్తాయి. ఆ స్కాలర్లు ఈ క్లాసులు చెబుతూ స్టైపెండ్ మీద చదువుకుంటారు. ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: అక్కడి క్యాంపస్‌ల్లో సాధారణంగా రైటింగ్ సెంటర్ ఉంటుంది, విద్యార్థులకు ఉచితం. పర్‌డ్యూ యూనివర్సిటీ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్‌ను ఇక్కడి నుంచే చూడొచ్చు.

మన దేశంలో ఈ పేరుతో ప్రత్యేక విభాగాలు అరుదు. అశోకా యూనివర్సిటీలో రైటింగ్ సెంటర్ ఉంది. హైదరాబాద్ ఇఫ్లూలో ఇంగ్లిష్ బోధన వైపు నుంచి ఈ రంగానికి దగ్గరవ్వచ్చు. పరిశోధన వద్దనుకుంటే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్, యూఎక్స్ రైటర్ ఉద్యోగాలున్నాయి. చదివేవాడు ఎక్కడ ఆగిపోతాడో పసిగట్టడమే ఆ ఉద్యోగాల్లోనూ అసలు పని.

ఇవాళే మొదలుపెట్టండి

* ఫస్ట్ డ్రాఫ్ట్‌లో డిలీట్ కీ ముట్టుకోవద్దు. ఇంగ్లిష్ మాట తట్టకపోతే అక్కడ తెలుగులోనే రాసి ముందుకెళ్లండి. గ్రామర్ పని చివర్లో.
* మొదటి పేరా రాకపోతే రెండోది రాయండి. మీరు చేసిన ప్రాజెక్టుతో మొదలెట్టినా ఎవరూ కాదనరు.
* మిమ్మల్ని ఆపుతున్న రూల్ ఏంటో కాగితం మీద రాయండి. అది ఎవరు చెప్పారు, ఎక్కడికి వర్తిస్తుందో ఆలోచించండి. టెన్త్ వ్యాసం కోసం నేర్చుకున్న రూల్ కవర్ లెటర్‌కు అక్కర్లేకపోవచ్చు.
* పంపేముందు ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు 'ఆఁ?' అన్నచోట మళ్లీ రాయండి.