క్యాలిబర్ కథ, తెలుగు పుస్తకం దారి

2006లో సోనీ కంపెనీ పీఆర్ఎస్-500 అనే ఈబుక్ రీడర్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. ఆరంగుళాల తెర మీద అచ్చు కాగితంలాగే కనిపించే ఈ-ఇంక్ అక్షరాలు అప్పట్లో అబ్బురమే. కానీ అందులోకి పుస్తకం ఎక్కించాలంటే సోనీ వాళ్ల ప్రోగ్రామే కావాలి, అది లినక్స్‌లో నడవదు. కాల్‌టెక్‌లో భౌతికశాస్త్ర పరిశోధన చేస్తున్న కోవిద్ గోయల్ వాడేదేమో లినక్స్. డబ్బు పెట్టి కొన్న వస్తువు తన కంప్యూటర్‌ను పలకరించడమే లేదు. రీడరుకూ సోనీ ప్రోగ్రాముకూ మధ్య యూఎస్‌బీ తీగలో ఏ సంకేతాలు నడుస్తున్నాయో ఆయన ఓపిగ్గా విప్పి చూశాడు. వాటి ఆధారంగా సొంత ప్రోగ్రాము రాసుకుని దానికి లిబ్‌పీఆర్ఎస్500 అని పేరు పెట్టాడు.

అక్కడితో పని తీరలేదు. ఆ రీడర్ ఎల్ఆర్ఎఫ్ అనే సోనీ సొంత ఫార్మాటులో ఉన్న పుస్తకాలనే సరిగ్గా చూపేది. అందుకని ఫార్మాటు మార్చే పనిముట్టు రాశాడు. పుస్తకాలు పెరిగి వెతుక్కోవడం కష్టమయ్యాక, వాటిని సర్దిపెట్టే లైబ్రరీ రాశాడు. 2008లో భార్య కృత్తిక సూచనతో మొత్తానికి క్యాలిబర్ అన్న పేరు వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా అది ఉచితం. పైగా, లోపలి కోడును ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఏ ఎల్ఆర్ఎఫ్ కోసం పుట్టిందో ఆ ఫార్మాటు పోయింది. సోనీ తానే ఈపబ్ అనే మరో ఫార్మాటుకు మారి, 2014లో అమెరికాలో తన ఈబుక్ దుకాణం మూసేసింది. క్యాలిబర్ మాత్రం నిలిచింది.

ఎందుకు నిలిచిందో దాని లోపలి అమరిక చూస్తే అర్థమవుతుంది. ఒక్కో ఫార్మాటు జంటకూ ఒక్కో మార్పిడి యంత్రం కట్టుకుంటూ పోతే అంతే ఉండదు. క్యాలిబర్‌లో వచ్చిన ఫైలు ఏదైనా ముందు వెబ్‌పేజీల్లాంటి ఒక మధ్యంతర రూపంలోకి మారుతుంది. అధ్యాయాల విభజన, విషయసూచిక, అక్షరాల కొలతలు అక్కడే సర్దుకుంటాయి. ఆ తర్వాతే కోరిన ఫార్మాటులోకి వెళుతుంది. కొత్త ఫార్మాటు పుడితే లోపలికి ఒక తలుపు, బయటికి ఒక తలుపు చేరిస్తే చాలు.

జహీరాబాద్‌లో కూర్చుని ఈ కథ రాయడానికి నాకు బలమైన కారణం ఉంది. పక్కనే పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఆ సొసైటీ సంఘాల్లోని మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచుకుంటారు. ఏటా దుకాణం ముందు చేయి చాచరు.  పుస్తకం విషయంలోనూ నాకు కావలసింది ఆ బుట్టే. 2009 జులైలో అమెజాన్ ఆర్వెల్ నవల '1984'ను హక్కుల చిక్కు వచ్చిందంటూ, కొన్నవాళ్ల కిండిల్‌ల నుంచి దూరం నుంచే తీసేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసినప్పుడు డబ్బు తిరిగి ఇచ్చింది గానీ, అమ్మిన పుస్తకాలు మాయమయ్యాయి. మన ఫోల్డర్లో, మనం తెరవగల ఫార్మాటులో ఉన్నదే మన పుస్తకం. సాఫ్ట్‌వేర్ ఎంపికలో నేను మొదట చూసేది ఇదే.

అలాంటి ఫార్మాటు ఈపబ్. ఫైలు పేరు చివర ఈపబ్ బదులు జిప్ అని మార్చి తెరిస్తే గుట్టంతా బయటపడుతుంది. అధ్యాయాలు మామూలు వెబ్‌పేజీలే. పక్కన బొమ్మలు, ఫాంట్లు, ఏది ముందో ఏది తర్వాతో చెప్పే జాబితా ఉంటాయి. 2007లో ప్రమాణంగా వచ్చిన ఈపబ్‌ను ఇప్పుడు వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీయే చూస్తోంది.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. అసలు కష్టం ఇక్కడే. మన డీటీపీ సెంటర్లలో దశాబ్దాలుగా పుస్తకాలు కూర్చింది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో తలకట్టు, కొమ్ము, వత్తు ముక్కలు ముక్కలుగా కూర్చుంటాయి. ఫాంటు ఉన్నంతసేపూ తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. అది తీసేస్తే మిగిలేది రోమన్ లిపిలో అర్థంలేని గజిబిజి. అలా కూర్చిన పుస్తకం పీడీఎఫ్‌ను క్యాలిబర్‌కు ఇస్తే అది నమ్మకంగా ఆ గజిబిజినే ఈపబ్ చేసి ఇస్తుంది. తప్పు యంత్రానిది కాదు, దానికి అందిన సరుకుది. ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లో కూర్చిన పీడీఎఫ్ అయినా పూర్తి భరోసా లేదు. పీడీఎఫ్‌కు తెలిసింది పేజీ మీద ఏ ఆకారం ఎక్కడ ఉందన్నదే. అందుకే వెనక్కి తీస్తే గుణింతాలూ వత్తులూ చోటు తప్పుతుంటాయి. మార్పిడికి పీడీఎఫ్ చాలా చెడ్డ మూలమని క్యాలిబర్ మాన్యువల్లోనే రాసి ఉంది.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అన్న ప్రశ్నకు ముందు, మీ దగ్గరున్నది ఏమిటన్న ప్రశ్న రావాలి. అను ఫైలుంటే ముందు యూనికోడ్‌లోకి మార్చి ప్రూఫు చూడాలి. పాత అచ్చు పుస్తకమైతే స్కాన్, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్, మళ్లీ ప్రూఫు. తెలుగు వికీసోర్స్‌లో ఈ పనిని ఔత్సాహికులు పేజీ తర్వాత పేజీగా చేస్తున్నారు. ఒకసారి దిద్దిన పేజీకి పసుపు రంగు, ఇంకొకరు సరిచూశాక ఆకుపచ్చ. అలా సిద్ధమైన పుస్తకాన్ని ఈపబ్‌గా దించుకోవచ్చు. ఇతర ఫార్మాట్లు అడిగితే ఆ సర్వరు వెనుక మార్పిడి చేసేది క్యాలిబర్ పనిముట్టే.

కొత్తగా రాస్తున్నవాళ్లకు దారి సులువు. లిబ్రేఆఫీస్ 2018లో వచ్చిన 6.0 నుంచి నేరుగా ఈపబ్ ఇస్తుంది. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు పాన్‌డాక్ అనే మార్పిడి పనిముట్టు ఉంది. దాన్ని 2006లోనే మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫర్లేన్ తత్వశాస్త్రం ప్రొఫెసర్.

దిద్దుబాటుకు సిజిల్ అనే ఈపబ్ ఎడిటర్ మంచిది. 2009లో స్ట్రాహిన్యా మార్కోవిచ్ మొదలుపెట్టాడు, తర్వాత వేరే చేతులు దాన్ని నిలబెట్టాయి. క్యాలిబర్‌లోనూ 2013 డిసెంబరు నుంచి ఎడిటర్ ఉంది. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. నాలుగు అచ్చుతప్పులు సరిచేయడానికి ఈపబ్‌ను మళ్లీ ఈపబ్‌గా మార్పిడి చేస్తారు. అలా చేస్తే క్యాలిబర్ పుస్తకంలోని శైలి సూత్రాలన్నీ తిరగరాసి తన పేర్లు పెట్టేస్తుంది. చిన్న తప్పుకు ఎడిటర్ తెరవండి, మార్పిడి జోలికి వెళ్లకండి.

లైబ్రరీగా క్యాలిబర్‌కు సాటి వచ్చేది నాకు కనిపించలేదు. ప్రతి పుస్తకం ఫోల్డర్లోనూ దాని వివరాల నకలు ఒకటి ఉంచుతుంది. అసలు డేటాబేసు పాడైనా వాటి నుంచి మళ్లీ కట్టుకోవచ్చు. తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపించే మా సరిహద్దు ఊరికి, ఒకే అరలో భాషవారీగా పుస్తకాలను విడదీసి చూపడం పెద్ద సౌకర్యం. తెలుగు పుస్తకాలు ఎక్కించే ముందు ఒక అమరిక మాత్రం మార్చాలి. పేరులో చివరి మాటే ఇంటిపేరని అది అనుకుంటుంది. గురజాడ అప్పారావును 'అప్పారావు, గురజాడ' చేసి అకారంలో పడేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లోని ట్వీక్స్‌లో, రచయిత పేరును ఉన్నదున్నట్టు తీసుకోమని ముందే చెప్పండి.

ఫాంటును పుస్తకంలోనే పొదగండి. మండలి, సురవరం వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లకు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కొలతకు వదిలేయకండి, వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. ఒకటిన్నర రెట్లకు పైనే ఉంచండి. పంచే ముందు తక్కువ ధర ఫోన్లో తెరిచి రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, సాఫ్ట్‌వేర్ అన్న మాటలు వెతకండి. చివరిదానిలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. మార్పిడిలో అది జారిపోతే వకారం వత్తుగా కిందికి దిగిపోతుంది. అప్పుడు సిజిల్ తెరిచి, ఒకేసారి వెతికి మార్చే సదుపాయంతో పుస్తకమంతా సరిచేయాలి.