పిండినల్లి కడుపులో కందిరీగ

మన ఇళ్లలో కిటికీ చట్రం మూలన, తలుపు వెనుక గోడపైన, చాలాకాలంగా తెరవని పుస్తకాల సందున చిన్న చిన్న మట్టిముద్దలు కనిపిస్తుంటాయి. అవి కందిరీగలు కట్టిన గూళ్లు. గోకి పారేస్తే వాటిలోంచి చచ్చీ చావని పచ్చపురుగులో, సాలీళ్లో రాలిపడతాయి. ఆ దృశ్యాన్ని చూసిన పూర్వులు ఒక ఊహ చేశారు. కందిరీగ పురుగును తెచ్చి గూటిలో బంధించి దాని చుట్టూ ఝంకారం చేస్తూ తిరుగుతుందనీ, ఆ పురుగు భయంతో కందిరీగనే తలచుకొని తలచుకొని చివరకు తానూ కందిరీగగా మారిపోతుందనీ భావించారు. దానికి భ్రమరకీటక న్యాయమని పేరు పెట్టారు.

ఊహ అందమైనదే గాని, జరిగేది వేరు. కందిరీగ పురుగును కొండితో కుట్టి, చంపకుండానే కదలిక లేకుండా చేస్తుంది. దాన్ని గూటిలో చేర్చి, గుడ్డు పెట్టి, మూతి మూసి వెళ్లిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ నిల్వ ఆహారాన్ని తిని పెరిగి, గూటికి చిల్లు పెట్టుకొని బయటికి వస్తుంది. లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. చూసినవారు రెండూ ఒకటేనని అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఈ కందిరీగకు బంధువులైన మరికొన్ని చిన్న కందిరీగలు గూడు కట్టే శ్రమ కూడా పెట్టుకోవు. బతికి తిరుగుతున్న పురుగు శరీరంలోనే గుడ్డు పెడతాయి. పిల్ల లోపల నుంచి ఆ పురుగును తినుకుంటూ పెరుగుతుంది. ఇటువంటి వాటిని పరాన్నజీవులంటారు. వినగానే మనసుకు ఏవగింపు కలుగుతుంది. ఒకరి ఒంట్లో చేరి ఒకరిని తిని బతకడమనేది మన దృష్టిలో నీచమైన పని. మనుషులలో అటువంటివారిని మనం అదే మాటతో తిడతాము కూడా. కానీ ఈ ఏవగింపును కాసేపు పక్కనబెట్టి, మన వంటింటి డబ్బాలోని సగ్గుబియ్యం సంగతి చూద్దాం.

సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుంచి తయారవుతుందని చాలామందికి తెలుసు. తమిళనాడులోని సేలం, నామక్కల్ ప్రాంతాలు, మన గోదావరి జిల్లాలలోని మెట్ట ప్రాంతం ఈ దుంపకు పేరుపొందాయి. మనకు ఇది జావకో, పాయసానికో పనికివచ్చే వస్తువు. ఆఫ్రికాలో మాత్రం కర్రపెండలం కోట్లాది పేదలకు రోజువారీ అన్నం. వాన తక్కువైనా, నేల నిస్సారమైనా పండుతుంది. అవసరమైనప్పుడు తవ్వుకోవడానికి నేలలోనే ఉంచవచ్చు. ఆకును కూరగా వండుకుంటారు.

1970 దశకం తొలి సంవత్సరాలలో కాంగో నదీ ప్రాంతపు తోటలలో ఒక కొత్త పిండినల్లి కనిపించింది. మొక్క చిగురుకు తెల్లని పిండి అంటుకున్నట్లు గుంపులుగా చేరి రసం పీల్చే చిన్న పురుగు అది. చిగుళ్లు ముడుచుకుపోయి ఆకులు రాలిపోయేవి, దుంప ఊరేది కాదు. ఈ జాతిలో మగవాటి అవసరమే లేదు. ఒంటరి ఆడపురుగు వందల గుడ్లు పెట్టగలదు. కొన్నేళ్లలోనే అది ఖండాన్ని అడ్డంగా దాటుకుంటూ పోయింది. కొన్నిచోట్ల దుంపల దిగుబడిలో 80 శాతం దాకా నష్టం జరిగింది. సుమారు 20 కోట్ల మంది ఆహారం ప్రమాదంలో పడింది. మందు చల్లుదామంటే అర ఎకరం రైతుకు కొనే స్తోమత లేదు. కొన్నా, పురుగు మీది మైనపు పొర మందును లోపలికి పోనీయదు.

నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ ఉంది. అక్కడ చేరిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హాన్స్ రుడాల్ఫ్ హెరెన్ వేరే దారిలో ఆలోచించాడు. కర్రపెండలం ఆఫ్రికా పంట కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అక్కడి తోటలను ఈ పురుగు ఎందుకు నాశనం చేయడం లేదు? దాన్ని అదుపులో పెట్టే ప్రాణి ఏదో అక్కడ ఉండి ఉండాలి. వెతకడం తేలికైన పని కాలేదు. మొదట దొరికిన పిండినల్లి చూడటానికి అచ్చం అదే, కాని వేరే జాతి. దాని మీద బతికే కందిరీగలు ఆఫ్రికా పురుగును ముట్టలేదు. చివరకు 1981లో పరాగ్వే దేశంలో అసలు జాతి దొరికింది. దానితో పాటే దాని ఒంట్లో పెరిగే, రెండు మిల్లీమీటర్లకు మించని ఒక కందిరీగా దొరికింది. దాని పేరు అనగైరస్ లోపెజి.

ఆ కందిరీగలను నేరుగా ఆఫ్రికాకు తీసుకుపోలేదు. ముందు లండన్‌లో నిర్బంధంలో ఉంచి, వేరే తెగుళ్లేవీ వెంట రాకుండా చూసి, ఆ తరువాతే నైజీరియాకు పంపారు. 1981లోనే పొలాలలో వదలడం మొదలైంది. తరువాతి సంవత్సరాలలో విమానాల నుంచి కూడా వదిలారు. పాతికకు పైగా దేశాలలో అవి స్థిరపడ్డాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పిండినల్లి అంతరించిపోలేదు. ఈనాటికీ ఉంది, కాని తక్కువగా ఉంది. అది పెరిగితే కందిరీగకు తిండి దొరికి అదీ పెరుగుతుంది. అది తగ్గితే ఇదీ తగ్గుతుంది. ఏటా మందు కొననవసరం లేకుండా, ఎవరి ఆజ్ఞా లేకుండా ఈ తూకం సాగుతున్నది. హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. బహుమతిలో కందిరీగ వంతు ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు!

ఈ కథ మన దేశానికీ వచ్చింది. 2020లో కేరళలోని త్రిస్సూర్ ప్రాంతంలో అదే పిండినల్లి కనిపించింది. తరువాత తమిళనాడు తోటలకు పాకింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ 2021లో పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశం నుంచి అదే కందిరీగను తెప్పించి, పరీక్షించి, 2022 మార్చిలో సేలం జిల్లాలో తొలిసారిగా పొలంలో వదిలింది. పరాగ్వేలో దొరికిన ప్రాణి ఆఫ్రికాలో కోట్లమందికి తిండి నిలిపి, నలభై ఏళ్ల తరువాత మన సగ్గుబియ్యం కాపలాకు వచ్చిందన్నమాట. బొప్పాయి తోటలదీ దాదాపు ఇదే కథ. 2008లో కోయంబత్తూరు వద్ద కనిపించిన బొప్పాయి పిండినల్లి పట్టుపురుగుల మల్బరీని కూడా వదల్లేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన పరాన్నజీవులే దాన్ని అదుపు చేశాయి.

తెలుగు రైతులకు ఇది పూర్తిగా కొత్త విద్యేమీ కాదు. చెరకు, వరి పొలాలలో ఆకుల అడుగున కుట్టే ట్రైకో కార్డులను చాలామంది చూసే ఉంటారు. ఒక్కో కార్డు మీద సుమారు 20,000 సూక్ష్మమైన గుడ్లు అంటించి ఉంటాయి. అవి బియ్యంలో పట్టే ఒక రెక్కలపురుగు గుడ్లు. వాటిలో ట్రైకోగ్రామా అనే కందిరీగ పిల్లలు పెరుగుతుంటాయి. బయటికి వచ్చిన కందిరీగలు కాండం తొలిచే పురుగు గుడ్లను వెతికి వాటిలో తమ గుడ్లు పెడతాయి. పురుగు పుట్టకముందే దాని కథ ముగుస్తుంది. ఈ ఆలోచనకు మూలాలు చాలా పాతవి. 18వ శతాబ్దంలో యెమెన్‌కు వెళ్లి అక్కడే మరణించిన ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ ఫోర్స్‌కాల్ రాతలు 1775లో అచ్చయ్యాయి. యెమెన్ రైతులు ఏటా కొండల నుంచి ఒక జాతి చీమల గూళ్లను మోసుకొచ్చి ఖర్జూర చెట్లలో ఉంచేవారని, చెట్లకు హాని చేసే పురుగులను ఆ చీమలు పట్టి తినేవని వాటిలో ఉంది.

తేనెటీగ, చీమ, సాలెపురుగు - ఈ మూడింటి పేర్లతో దివ్య ఖుర్‌ఆన్‌లో సూరాలున్న సంగతి మన పిల్లలకూ తెలుసు. వీటిలో తేనెటీగను మెచ్చుకోవడం సులభం. సాలెపురుగు దగ్గరకు వచ్చేసరికి మన చేతికి చీపురు వస్తుంది. వరి పొలంలో దాని విలువ ఏమిటో ఇండోనేషియా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నది.

మన రైతులు సుడిదోమ అని పిలిచే పురుగు వరి మొదళ్ల వద్ద చేరి రసం పీలుస్తుంది. పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఇండోనేషియాలో ప్రభుత్వమే భారీ రాయితీతో పురుగుమందులు అందించింది. ఎంత చల్లితే సుడిదోమ అంత పెరిగింది. కారణం తెలిశాక విచిత్రంగా తోచదు. సుడిదోమ తన గుడ్లను వరి కాండం లోపల దాచిపెడుతుంది. మందు వాటిని తాకదు. పైన తిరిగే సాలీళ్లు, సుడిదోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు, చిన్న కందిరీగలు మాత్రం చస్తాయి. కొద్ది రోజులకు గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి. వాటిని తినేవారు పొలంలో ఉండరు. 1986లో ఆ దేశ ప్రభుత్వం 57 రకాల పురుగుమందులను వరిపై చల్లరాదని నిషేధించింది. దిగుబడి పడిపోతుందని భయపడ్డవారి అంచనా తప్పింది. 1989 నుంచి అక్కడి రైతులు పొలం గట్టునే కూర్చుని ఏ పురుగు మిత్రుడో, ఏది శత్రువో గుర్తించడం నేర్చుకున్నారు. మన దగ్గర పొలంబడి అనే పేరుతో సాగిన కార్యక్రమం ఆ పాఠశాలల అడుగుజాడలలో నడిచినదే.

ఇంతవరకు చెప్పినవన్నీ మన పంటకు మేలు చేసేవి కాబట్టి ఒప్పుకోవడం తేలిక. మనకు నేరుగా ఏ ప్రయోజనమూ లేని పరాన్నజీవి మాటేమిటి?

జపాన్ అడవులలో వెంట్రుకలాగ సన్నగా, పొడవుగా ఉండే ఒక పురుగు కీచురాళ్ల కడుపులో పెరుగుతుంది. పెరిగాక దానికి నీరు కావాలి. అది కీచురాయి నడవడికనే మార్చివేస్తుంది. నీటికి దూరంగా ఉండవలసిన కీచురాయి తానుగా వెళ్లి వాగులో దూకుతుంది. వెంట్రుక పురుగు నీటిలోకి జారుకుంటుంది, కీచురాయి చేపకు ఆహారమవుతుంది. తకుయా సాతో, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఆ వాగులోని సాల్మన్ కుటుంబపు చేపలకు ఏడాది మొత్తం మీద అందే శక్తిలో దాదాపు 60 శాతం ఇలా దూకిన కీచురాళ్ల నుంచే వస్తున్నదని తేలింది. అంతరించే స్థితిలో ఉన్న చేప అది. ఆ పురుగును అసహ్యించుకొని తీసివేస్తే చేపలు వాగులోని చిన్న ప్రాణులపై పడతాయి. ఆ ప్రాణులు తగ్గితే అవి తినే పాచి పెరుగుతుంది. ఒక కడుపులో పురుగు మీద ఒక వాగు ఆధారపడి ఉంది.

పోయిన తరువాత విలువ తెలుసుకునే అవకాశం కూడా లేకుండా పోయినవీ ఉన్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందు జాతి 1987 నాటికి 27 పక్షులకు చేరింది. అన్నింటినీ పట్టి, సంరక్షించి, పిల్లలను పెంచి మళ్లీ ఆకాశంలోకి వదిలారు. మహత్తరమైన పని. పట్టినప్పుడు వాటి ఈకలలోని పేలను మందుతో చంపివేశారు. ఆ పక్షి మీద తప్ప మరెక్కడా బతకని ఒక పేను జాతి దానితో భూమి మీద లేకుండా పోయింది. పక్షికి అది చెప్పుకోదగ్గ హాని చేసిన దాఖలా లేదు. పేను పోయిందని ఎవరు బాధపడతారు?

ఇక దోమ. ఇక్కడ జాలికి తావు లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమలకు తన రక్తం ఇచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పది అణాలు అతనికి ముట్టాయి. లోకంలో సుమారు 3,500 దోమ జాతులుంటే మలేరియాను మోసేవి కొన్ని పదులు మాత్రమే. మగ దోమలైతే రక్తమే తాగవు, పూలలోని మకరందంతో బతుకుతాయి. దోమ పిల్లలు చేపలకు, తూనీగ పిల్లలకు ఆహారం. అయినా బిడ్డకు డెంగీ వచ్చిన తల్లికి ఈ లెక్కలు చెప్పడం అన్యాయం. రోగం మోసే దోమను ఇంటి దగ్గర పుట్టనీయకుండా చూడవలసిందే. ప్రశ్నల్లా ఎలా అన్నదే.

వీధంతా పొగమందు కొడితే ఎగిరే దోమలలో కొన్ని చస్తాయి. వాటితో పాటు దోమను పట్టి తినే తూనీగ, గోడ మీది సాలీడు, పెరట్లోని చిన్న కందిరీగ కూడా ఆ పొగ బారిన పడతాయి. నీటిలోని దోమ పిల్లలకు ఏమీ కాదు. డెంగీ దోమ గుడ్డు పొదిగి రెక్కలు వచ్చేందుకు ఎనిమిది పది రోజులు పడుతుంది. కనుక కూలరు, డ్రమ్ము, పూలకుండీ కింది పళ్లెం వారానికొకసారి ఖాళీచేస్తే సరిపోతుంది. మన వైద్యశాఖ వారు ఇందుకు శుక్రవారాన్నే ఎంచుకొని డ్రై డే అంటున్నారు. జుమా కోసం స్నానం చేసి శుభ్రమయ్యే రోజే కాబట్టి గుర్తుపెట్టుకోవడం మనకు మరింత తేలిక. నీరు పారబోయడంతో సరిపెట్టకుండా డ్రమ్ము లోపలి గోడను పీచుతో రుద్దాలి. దోమ గుడ్లు అంటుకొని ఉండేది అక్కడే. ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి.