అక్కడ సుంకం... ఇక్కడ కూలి!

2025 ఆగస్టు 27, వినాయక చవితి. ఉండ్రాళ్ళకి ఎసరు పెడుతుంటే గుమ్మంలోంచి ఎవరో పిలిచారు. మా వీధి చివర ఉండే అమ్మాయి. రొయ్యల ప్లాంటులో పని. తెల్లారకుండానే బస్సొచ్చి తీసుకెళ్తుంది. సాయంత్రం దింపేసరికి ఐసులో నాని వేళ్ళు పాలిపోయి ఉంటాయి.

“అక్కగారూ, ఎవరింట్లో అయినా పనుంటే చెప్పరా? రేపట్నించి వారానికి మూడ్రోజులే రమ్మన్నారండి. అమెరికావోడేదో పన్నేశాడంటండి. ఆళ్ళకి మనవేం చేశావండీ?”

నిజమే, ఏం చేశాం? నేను బి.ఏ.లో ఎకనామిక్స్ చదివాను. ‘టారిఫ్’ అన్న మాటకి అర్థం బట్టీ పట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ మాట పండగపూట మా గుమ్మంలోకి నడిచొస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మన దేశంలో రొయ్యల పెంపకంలో ఆంధ్రదే మొదటి స్థానం. ఆ రొయ్యల్ని బయటిదేశాల్లో అందరికన్నా ఎక్కువగా కొంటూ వచ్చింది అమెరికా. ఆ ఏడాది ఆగస్టు 7న మన సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. మనం రష్యా దగ్గర చమురు కొంటున్నామని సరిగ్గా చవితినాడు ఇంకో 25 కలిపింది. మొత్తం 50! పాత సుంకాలు దీనికి అదనం. ఆ అమ్మాయి ఇంట్లో స్కూటరు కూడా లేదు. రష్యా చమురుకి జరిమానా మాత్రం ఆమె కూలిలోంచే పోయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. సుంకం కట్టేది మనం కాదు, అక్కడ సరుకు దించుకునే వ్యాపారి. వంద రూపాయల సరుకుకి అదనంగా యాభై కట్టాలంటే అతను ఊరుకుంటాడా? “ధర తగ్గించు, లేదా ఈక్వెడార్ దగ్గర కొనుక్కుంటా” అంటాడు. ఈక్వెడార్ మీద అప్పుడు వేసింది 15 శాతమే మరి. దాంతో ఎగుమతిదారు రైతుకిచ్చే రేటు కోస్తాడు. రైతు ఈ పంటకి చెరువు ఖాళీగా ఉంచుదామా అని ఆలోచిస్తాడు. ప్లాంటుకి సరుకు తగ్గుతుంది. తలలు తీసి, పొట్టు ఒలిచే ఆడవాళ్ళకి పని తగ్గుతుంది. పెద్దవాళ్ళ తగువు మెట్టుమెట్టూ దిగి చివరికి అందరికన్నా కిందనున్న మనిషి దగ్గర ఆగుతుంది. ఆమెకి దాన్ని తోసేయడానికి ఇంకో మెట్టు లేదు.

ఇలాంటి పంతాలు కొత్తవేమీ కాదు. 1960ల మొదట్లో అమెరికా ఫారాల చవక కోడిమాంసం పశ్చిమ జర్మనీ లాంటి దేశాల్ని ముంచెత్తింది. అక్కడి కోళ్ళ రైతులు లబోదిబోమన్నారు. 1962లో యూరప్ ఉమ్మడి మార్కెట్ దేశాలు కోడిమాంసం మీద సుంకం పెంచేశాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ బ్రాందీ, బంగాళాదుంప గంజిపొడి వంటి వాటితోపాటు చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. కోడికీ ట్రక్కుకీ సంబంధమేమిటంటారా? జర్మనీ ఫోక్స్‌వాగన్ వ్యాన్లు అమెరికాలో బాగా అమ్ముడుపోతున్నాయి, అదీ సంబంధం! తోడికోడళ్ళు పోట్లాడుకుని ఒకరి పిల్లల్ని ఒకరు కసిరినట్టు లేదూ? మిగతావాటి మీద తర్వాత తీసేసినా, ట్రక్కుల మీది ‘చికెన్ టాక్స్’ అరవై ఏళ్ళకి పైగా ఉండిపోయింది. వేయడం తేలిక, తీయడమే కష్టం.

2018 జులైలో అమెరికా, చైనాలు ఒకదాని మీద ఒకటి సుంకాలు వేసుకున్నాయి. చైనా అమెరికా సోయా వదిలేసి బ్రెజిల్ వైపు తిరిగింది. దెబ్బ తిన్నది అమెరికా సోయా రైతు. అయితే అతన్ని ఆదుకోవడానికి అక్కడి ప్రభుత్వం వందల కోట్ల డాలర్లు ఇచ్చింది. 2020 జనవరిలో ఇద్దరూ తొలిదశ ఒప్పందం రాసుకున్నారు. సరే, మా వీధి చివరి అమ్మాయికి ఎవరిచ్చారు?

ఇంకో మాట చెప్పుకోవాలి, సిగ్గుగానే ఉంది. చవితి వెళ్ళాక ఒక ఆదివారం మావారు “ఇవాళ రొయ్యలు చవక!” అంటూ రెండు కేజీలు తెచ్చారు. ఇగురు చేశాను, అందరం బావుందనే తిన్నాం. గిన్నెలు కడుగుతుంటే తట్టింది, ఆ చవక ఎవరి కూలి కోతో అని!

2026 ఫిబ్రవరి మొదట్లో మన దేశం, అమెరికా ఒక అవగాహనకి వచ్చి సుంకం 18 శాతానికి దించుతామన్నాయి. అదే నెల 20న, అత్యవసర అధికారాల చట్టం పేరుతో అధ్యక్షుడు వేసిన సుంకాలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేపర్లో చదివి ఆ అమ్మాయిని పిలిచి చెప్పాను.

“అయితే ఆ పన్ను తప్పేనంటాండీ?” అంది.

“తప్పేనని కోర్టు చెప్పింది.”

“మరి పోయిన రోజుల కూలి?”

కట్టిన సుంకం తిరిగిమ్మని వ్యాపారి అడగొచ్చు. అతని దగ్గర రశీదులుంటాయి. ఈమె దగ్గరున్న రశీదు ఒక్కటే, ఆ నెలల్లో తాకట్టు పెట్టిన చెవి దిద్దులది.

ఒప్పందాలు జరిగినప్పుడల్లా పేపర్లో కోటు వేసుకున్న పెద్దమనుషులు చేతులు కలుపుతున్న ఫోటో వస్తుంది. ఇక మీదట ఆ ఫోటో చూస్తే ఐసులో నానిన ఆ వేళ్ళు కూడా నాకు గుర్తొస్తాయి. మరి మీకు?