పొగతో చాటినా నేరమే

తాయెత్తుల మీద ముఖచిత్ర కథనం, గురువారం కల్లా పంపాలన్నారు సంపాదకులు. తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగితే సరుక్కి కొదవేముంది? తీరా నన్ను పట్టుకుని వదలనిది మాత్రం 1954 నాటి ఒక చట్టం.

ముందు తాయెత్తు సంగతి. రాగిరేకు మీద సూదిమొనతో గళ్లు గీసి, గడికో అంకో బీజాక్షరమో చెక్కుతారు. చుట్టి, గొట్టంలో దూర్చి, మూతి మూసి, నల్లతాడుకి ఎక్కిస్తారు. పసివాడికైతే మొలతాడుకి, పెద్దవాళ్లకి మెడలోనో దండకో. దర్గాలో ఇచ్చేదాంట్లో రేకు బదులు కాగితం మడతా ఉండొచ్చు. పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడంటే, కట్టేది ముజావరుగారా పూజారిగారా అని తల్లులు చూడరు. అంతవరకు నాకు ముచ్చటే. రోగం కుదురుస్తుందంటేనే పేచీ.

ఆ పేచీ పార్లమెంటుకీ వచ్చింది. ‘ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం’ తాయెత్తు, మంత్రం, కవచం మూడింటినీ మాయా చికిత్సలోనే కలిపింది. కానీ కట్టడాన్ని నిషేధించలేదు. ఫలానా జబ్బు పోతుందని చాటడమే నేరం. చాటడమంటే కరపత్రం, చీటీ, పొట్లం మీది కాగితం, నోటిమాట. అంతేనా? వెలుగు, శబ్దం, పొగ ద్వారా చేసినా ప్రకటనేనట! పొగ దగ్గర ఆగిపోయాను. ముసాయిదా రాసినాయన ఆకాశంలో పొగతో అక్షరాలు రాసే విమానాన్ని తలచుకున్నాడేమో. నా కళ్లముందు మెదిలింది మాత్రం సాంబ్రాణి ధూపం, నెమలీకల కట్ట.

చట్టం వెనకాల 54 జబ్బుల పట్టిక ఉంది. మధుమేహం, మూర్ఛ, పక్షవాతం, కుష్ఠు, జ్వరాలు, ఆఖరికి మనిషి ఎత్తు కూడా. దిష్టి లేదు! దిష్టికి తాయెత్తు కడతామని బోర్డు పెడితే ఈ చట్టం నోరెత్తదు. మూర్ఛకని రాస్తే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా. హమ్‌దర్ద్ దవాఖానా అనే మందుల సంస్థ ఈ చట్టాన్ని సవాలు చేస్తే, 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని భాగాలు కొట్టేసి మిగతాది నిలబెట్టింది. అయినా ‘సర్వరోగ నివారణ’ పోస్టర్లు గోడ దిగలేదు, ఇప్పుడు వాట్సాప్‌కీ ఎక్కాయి.

చరిత్రా? అథర్వవేదంలోనే రక్షామణులు కట్టే సూక్తాలున్నాయి. థాయిలాండ్‌లో మన రేకు చుట్టకి తోబుట్టువు ‘తక్రుత్’. దాని మీద రాసే ఖోమ్ లిపికి మూలం దక్షిణాది పల్లవ లిపి. మిగతాది పండితులకి వదిలేద్దాం.

బాక్సు: అదే తెనాలిలో
ఈ నమ్మకాల నడుమే త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని పురాణాలతో తగువు పెట్టుకున్నారు, పురపాలక సంఘానికి అధ్యక్షుడిగానూ పనిచేశారు. ఆయన తర్వాత ఆవుల గోపాలకృష్ణమూర్తి ఆ ఊళ్లోనే హేతువాదం నడిపారు.

పొలంగట్టు మీద పాము కరిచినా, ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చినా తాయెత్తు విప్పమని నేననను. ముందు 108కి ఫోన్ చేయండి. పాము విషానికి విరుగుడు ఆస్పత్రిలో ఎక్కించే యాంటీవీనమే.