ఇసుకలో దాగిన యుద్ధం

నిజామాబాద్ జిల్లా కందకుర్తిలో గోదావరి తగ్గితే నదిలోని పాత శివాలయం బయటపడుతుంది, వరదొస్తే మళ్లీ మునుగుతుంది. విశాఖ తీరంలోనూ అలాంటి దాగుడుమూతలే. అయితే అక్కడ ముంచేది ఇసుక... తేలేది గుడి కాదు, బంకరు!

బీచ్‌కి వెళ్లినవాళ్లు మురీ మిక్చర్ కొనుక్కుంటారు, కురుసుర జలాంతర్గామి ముందు ఫొటో దిగుతారు. ఇసుకలో ఒరిగి ఉన్న కాంక్రీటు దిమ్మెను చాలామంది పట్టించుకోరు. అది రెండో ప్రపంచయుద్ధం నాటి పిల్‌బాక్స్. మందపాటి గోడలు, లోపల కొద్దిమంది సైనికులకు చోటు, తుపాకీ గొట్టం పట్టేంత కంతలు. శత్రువు ఒడ్డున దిగితే అక్కణ్నుంచే కాల్చాలన్నమాట.

ఎవరా శత్రువు? జపాన్. 1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్, అండమాన్ దాని చేతికి చిక్కాయి. రంగూన్ పడిపోవడం ఉత్తరాంధ్రకు ఎక్కడో జరిగిన వార్త కాదు. పొట్ట చేతపట్టుకుని ఓడెక్కిన తెలుగు కూలీలు అక్కడ వేలల్లో ఉండేవాళ్లు. ఓడ దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన బయల్దేరారు. అందరూ ఇల్లు చేరలేదు.

ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లయినా నిండలేదు. సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసింది అంతకుముందు ఏడాది జూన్‌లోనే. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఒకటి విశాఖ మ్యూజియానికి చేరింది.

తీరా చూస్తే జపాన్ సేనలు ఈ ఒడ్డున దిగనే లేదు! ఫిరంగుల స్థావరం వల్ల వచ్చిన 'కోస్టల్ బ్యాటరీ' అన్న పేరు మాత్రం ఆటోవాళ్ల నోళ్లలో నానుతోంది.

శత్రువు రాలేదు సరే, సముద్రం ఊరుకుంటుందా? ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు గోడలు దానికి అడ్డం. అందుకే పోర్టువాళ్లు పూడిక తీసిన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్‌లో పోయాల్సి వస్తోంది. ఎంత గట్టి కాంక్రీటైనా కింద ఇసుక జారిపోతే ఏం చేస్తుంది? ఒరుగుతుంది. మ్యూజియంలో బాంబు భద్రం, అద్దాలూ కాపలా ఉంటాయి. ఆ బాంబుకు జోడీ అయిన బంకరే పాపం, కెరటాల పాలు. తుపాకీ కంతలోంచి ఇప్పుడు పిల్లలు తొంగిచూస్తారు, పిల్‌బాక్స్ నీడన జాలర్లు సేద తీరతారు.