తలనొప్పి మాత్ర: ముందు పేరు కాదు, వెనక రాత చదవండి

పరీక్షల నెలల్లో మన విద్యార్థుల సంచుల్లో పుస్తకాలతో పాటు తలనొప్పి మాత్రలు కూడా ఉంటున్నాయి. ఇళ్లలో పెద్దవాళ్ల సంగతీ అంతే. మగ్గం గానీ, బీడీల పని గానీ, దుకాణం గానీ మానలేని రోజున ఒక మాత్ర వేసుకుని పని సాగించడం మనవాళ్లకు అలవాటు. ఫార్మసిస్టుగా నేను రోజూ వినే మాట ఒకటుంది: "డాక్టరు చీటీ అక్కర్లేని మందే కదండీ!" చీటీ అక్కర్లేదు, నిజమే. లెక్క మాత్రం కావాలి. ఆ లెక్క గురించే ఈ నాలుగు మాటలు.

మాత్రలో ఏముంది?

తలనొప్పికి అమ్మే చాలా మాత్రల్లో పారాసెటమాల్, కెఫీన్ కలిసి ఉంటాయి. క్రోసిన్ పెయిన్ రిలీఫ్ మాత్రలో పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు, కెఫీన్ 50 మిల్లీగ్రాములు. గల్ఫ్ నుంచి వచ్చే బంధువులు తెచ్చే పనడాల్ ఎక్స్‌ట్రాలో 500, 65. నొప్పిని, జ్వరాన్ని తగ్గించేది పారాసెటమాల్. కాఫీ, టీలలో ఉండే కెఫీన్ దానికి కొంచెం బలం చేకూరుస్తుంది. 100 మిల్లీగ్రాములు, అంతకు మించి కెఫీన్ కలిపినప్పుడు నూటికి మరో 5 నుంచి 10 మందికి ఉపశమనం కలుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే లాభం ఉంది గానీ అది చిన్నదే.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఆరోగ్యవంతులైన పెద్దవారికి పారాసెటమాల్ ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల వ్యవధి, 24 గంటల్లో అన్నీ కలిపి 4000 మిల్లీగ్రాములు హద్దు. ఇది చేరవలసిన గమ్యం కాదు, దాటకూడని గీత. నొప్పి తగ్గేంత తక్కువ మోతాదే మంచిది.

ఒక ఉదాహరణ చూడండి. జలుబు, జ్వరంతో ఉన్న విద్యార్థి జ్వరానికి 650 మాత్ర మూడుసార్లు వేసుకున్నాడు: 1950. జలుబు మాత్ర మూడుసార్లు, ఒక్కోదానిలో 500: మరో 1500. తలనొప్పి మాత్ర రెండుసార్లు: 1300. మొత్తం 4750. ఏ మాత్రా విడిగా ఎక్కువ కాలేదు. మూడు పేర్ల వెనక ఉన్నది ఒకటే మందని తెలియకపోవడం వల్లనే గీత దాటింది.

అందుకే స్ట్రిప్పు ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చాలదు. వెనక చిన్న అక్షరాల్లో పారాసెటమాల్ అని ఉందా, ఎన్ని మిల్లీగ్రాములు అని చూడాలి. విదేశాల నుంచి వచ్చిన వాటిలో ఎసిటమినోఫెన్ అని ఉంటే అదీ పారాసెటమాలే.

కాలేయానికి ఏమవుతుంది?

మనం మింగిన పారాసెటమాల్‌లో కొద్ది భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని వెంటనే విరిచేస్తుంది. మందు మితిమీరితే ఆ నిల్వ తరిగిపోయి, మిగిలిన విషం కాలేయ కణాలను దెబ్బతీస్తుంది. సరిగా తినకుండా ఉన్నవారిలోను, రోజూ మద్యం తాగేవారిలోను ఆ నిల్వ ముందే తక్కువ. కాబట్టి వారికి హద్దు ఇంకా తక్కువ.

మోసం ఎక్కడంటే, మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. అది 8 గంటల లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఎక్కువ మాత్రలు పడ్డాయని తెలిస్తే "బాగానే ఉన్నాడుగా" అని ఆగకుండా, స్ట్రిప్పు చేతబట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

కెఫీన్ సంగతి

పెద్దవారికి రోజుకు 400 మిల్లీగ్రాముల లోపు, గర్భిణులకు 200 లోపు కెఫీన్ ఉండాలంటారు. ఒక కప్పు ఫిల్టర్ కాఫీలో చిక్కదనాన్ని బట్టి సుమారు 80 నుంచి 100 ఉంటుంది. రాత్రి పది గంటలకు కాఫీ తాగి, పైన ఈ మాత్ర వేసుకుంటే తెల్లవారుజామున కూడా అందులో కొంత ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చెడుతుంది, నిద్రలేమి మళ్లీ తలనొప్పి తెస్తుంది. రాత్రిపూట కెఫీన్ లేని ఉత్త పారాసెటమాల్ మేలు. మాత్రను కాఫీతో కాక నీళ్లతో వేసుకోండి.

తలనొప్పికి ఇటువంటి కలగలుపు మాత్రలు నెలలో 10 రోజులు, అంతకు మించి, నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పికి కారణం కావచ్చు. అప్పుడు కావలసింది ఇంకో బ్రాండు కాదు, డాక్టరు.

ఎవరు అడిగి వాడాలి?

కాలేయ జబ్బు, గుండె దడ, అదుపులో లేని బీపీ ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందుగా అడగాలి. క్షయకు ఐసోనియాజిడ్, మూర్ఛకు ఫెనిటాయిన్ లేక కార్బమజెపైన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు కూడా అంతే. 12 ఏళ్ల లోపు పిల్లలకు ఈ కలగలుపు మాత్ర వద్దు. వారికి బరువును బట్టి ఉత్త పారాసెటమాల్ ఇస్తారు. పెద్దల మాత్రను విరిచి ఇవ్వకండి.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, చూపు మసకబారినా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా మాత్రతో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

విద్యార్థులకు ఒక మాట

హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా, యానాంలోనైనా మన ఇళ్లలో చాలామంది పెద్దలకు స్ట్రిప్పు మీది ఇంగ్లీషు అక్షరాలు అందవు. ఇంట్లో వాటిని చదవగలిగింది మీరే. ఈ ఆదివారం మందుల డబ్బా దించండి. పారాసెటమాల్ ఉన్న ప్రతి స్ట్రిప్పు మీద పెన్నుతో తెలుగులో "పారా" అని, పక్కన ఎంతో అంకె రాయండి. గడువు తీరినవి తీసేయండి. "పారా అని ఉన్నవి రెండు రకాలు ఒకేసారి వేసుకోకూడదు" అని అమ్మమ్మకు, నాన్నకు ఒకసారి చెప్పండి. అరగంట పని. మీ చదువు ఇంటికి అక్కరకొచ్చే పని.